స్ట్రాబెర్రీ మడుల్లో మొలిచిన వరి

ఒక అక్టోబరు మొదటి వారంలో నన్ను చేవెళ్ల మండలానికి వ్యవసాయ విస్తరణ అధికారిగా వేశారు. నాలుగేళ్లకే రాజీనామా చేశాను కాబట్టి ముప్పై దాటగానే విశ్రాంత ఉద్యోగినయ్యాను. పింఛను ఒక్కటే లోటు.

ఊళ్లు తిరిగి పంటల వివరాలు నమోదు చేసుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సలహా చెప్పే కింది మెట్టు ఉద్యోగం అది. ఆలూరు ఊళ్లో యాదమ్మ అనే రైతు అడిగింది. మొయినాబాద్ రోడ్డు మీద అమ్ముకుందామని అరెకరంలో మొదటిసారి స్ట్రాబెర్రీ పెట్టింది. మొక్కల కంటే కలుపు బాగా కుదురుకుంది.

"కూలోళ్లు దొరుకుతలేరు సారూ. నేనూ మా అత్తా ఈ ఒక్కసారి తీస్తం. మళ్ల మొలిస్తే మొక్కలతోనే కలిపి రోటవేటర్ పెట్టి దున్నిస్త" అంది.

ప్లాస్టిక్ షీటు ఆమెకు ఇష్టం లేదు. వరిగడ్డి మల్చింగ్ చెప్పాను. కలుపు తీసిన మడి మీద నాలుగు వేళ్ల మందాన గడ్డి పరిస్తే కిందికి వెలుతురు పోదు, కలుపు లేవదు, పండు మట్టికి తగలదు. మళ్లీ తీసే పనే ఉండదని మాటిచ్చాను. ప్రభుత్వం తరఫున అంత మాట ఇచ్చే హోదా నాకు లేదు.

వారం తర్వాత ఫోన్. "సారూ, జర వచ్చి మీ వరి చూసుకోండ్రి."

కోత మిషన్ గడ్డిలో వడ్లు మిగులుతాయి. ముందు దులపాలని నా నోట్సులో ఉంది, పొలంలో చెప్పలేదు. డ్రిప్పు నీళ్లకు మడులన్నీ నారుమడుల్లా పచ్చగా ఉన్నాయి. నా ఉద్యోగ జీవితంలో అంత చక్కటి మొలక శాతం మళ్లీ చూడలేదు.

రోటవేటర్ మాట యాదమ్మ ఎత్తకముందే ఆమె అత్త ఒక కుచ్చు పీకి చూపించింది. వేళ్లు గడ్డిలోనే వేలాడుతున్నాయి.

"ఇంకా మట్టి పట్టలే. ఎండల తిరగేస్తే సస్తది. సారూ, నువ్వు గూడ ఓ సాలు పట్టు, చదువుకున్నోనివి."

డ్రిప్పు ఆపి, ముగ్గురం గడ్డిని తిరగేశాం. నా సాలు అందరికంటే చివర అయింది. రెండెండలకు మొలకలు వాడిపోయాయి. మట్టి పట్టిన కొన్నింటిని చేత్తో పీకితే బర్రెకు ఒక పూట మేత అయింది. గడ్డి కింద అసలు కలుపు మాత్రం లేదు. యాదమ్మ ఆ పంట అమ్ముకుంది, రోటవేటర్ రాలేదు.

మల్చింగుకు వాడే వరిగడ్డిని ముందే కుప్పగా తడిపి, ఉన్న వడ్లు మొలిచాక ఎండబెట్టి, దులిపి పరవాలి. ఇంకొకటి, ఏ సలహా అయినా మొదట ఒక్క మడిలో వేయించి వారం చూడాలి. ఆ తర్వాత అలాగే చేశాను, ఫోన్లు తగ్గాయి.