రాడిక్కియోకి క్రాఫు

ఆ వీధిలో ఎవరి తలలో ఎన్ని సుడులున్నాయో చెప్పగల మనిషి ఒక్కడే, మూలమీద కటింగ్ షాపు నడిపే బాబాయి. చిన్నా పెద్దా అందరికీ బాబాయే. అతనికున్న జబ్బల్లా ఒకటే, పెరిగినది ఏది కనిపించినా చెయ్యి ఊరుకోదు. దుప్పటి అంచున దారం వేలాడినా, పక్కింటి కుక్కకి కళ్ళమీద బొచ్చు పడినా జేబులోని కత్తెర బయటికి రావాల్సిందే.

పొద్దున్నే షాపు తెరవకముందు తొలి గడ్డం మామగారిది. రైలింజను నడిపి రిటైరైన మనిషి, కూతురి దగ్గరే ఉంటాడు. వేసవిలో ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూపోతూ నోటి రుచిని వెంట తీసుకుపోయింది. ఏం పెట్టినా "కాగితం నమిలినట్టుందమ్మా" అని కంచం పక్కకి జరిపేవాడు. ఆయన చిక్కిపోతున్నాడని ముందు కత్తికే తెలిసింది. చెంపలు గుంటలు పడి, రెండు వేళ్ళతో చర్మం లాగిపట్టుకుంటే గానీ గీయడం కుదిరేది కాదు. బాబాయికి లోపల భయంగానే ఉండేది. పైకి మాత్రం జోకులేసేవాడు.

ఒకరోజు మామగారు తనంతట తనే నోరు తెరిచాడు. "డ్యూటీలో ఉండగా ఒక స్టేషను క్యాంటీన్లో ఎర్రాకు పెట్టేవాళ్ళమ్మా. గుప్పెడంత క్యాబేజీలా ఉండేది, తెల్లటి ఈనెలు. ఒకటే చేదు. అదైతే తినాలనుంది."

కూతురికి అంతకంటే ఏం కావాలి? నలుగురినీ అడిగి దాని పేరు రాడిక్కియో అని తెలుసుకుంది. విత్తనాల కొట్టు నుంచి పొట్లం తెచ్చి వంటింటి వెనక మడి చేసింది. నీళ్ళు పోసింది, నత్తల్ని ఏరింది, కలుపు తీసింది. "చలి రానీ నాన్నా, ఎర్రగా ముద్ద కడుతుందట" అని తండ్రికి ఆశపెట్టింది.

కానీ ఆకులు ఎర్రబడలేదు, ముద్దా కట్టలేదు. పచ్చగా, చింపిరిగా, దువ్వెన ఎరగని తలల్లా పెరిగాయి. ఇంతలో చెల్లెలికి కాలు బెణికిందని కబురొస్తే ఆమె బయల్దేరింది. గుమ్మం దాటుతూ, "నీళ్ళు పోయండి. ఇంకేం చెయ్యకండి" అంది. మొగుడి సంగతి ఆమెకి తెలుసు.

బాబాయి నీళ్ళే పోశాడు. పోస్తూ, వేలాడుతున్న ఒక్క ఆకు మాత్రం కత్తిరించాడు. అప్పుడు ఎడమవైపు ఎక్కువనిపించింది. అది సరిచేస్తే కుడివైపు దిగింది. ఆ మొక్క తీరుగా కుదిరాక పక్కది మరీ అడవిలా కనిపించింది. చీకటి పడేసరికి మడి మొత్తానికి మిలిటరీ కటింగ్ అయిపోయి, నేలమీద మోళ్ళు మిగిలాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా ఆకులన్నీ తట్టలో ఉన్నాయి.

తిరిగొచ్చిన భార్య చేతిలో సంచి దింపకుండానే మడి దగ్గరికెళ్ళి, ఒక మోడుని వేలితో తడిమి చూసింది.

"మళ్ళీ పెరుగుతాయిలే" అన్నాడు బాబాయి మెల్లిగా.

"అది జుట్టా? మా నాన్న నోటిదాకా వచ్చింది లాగేశారు."

ఆ మాట బాబాయికి గుండెలో గుచ్చుకుంది. ఆనాటినుంచి ఆమె మాటలన్నీ తండ్రి మీదుగానే. "నాన్నా, అన్నం పెట్టానని మీ అల్లుడితో చెప్పు." మధ్యలో ముసలాయన స్టేషనుమాస్టరులా అటూ ఇటూ జెండాలు ఊపలేక చచ్చాడు.

ఇలా ఉండగా విత్తనాల కొట్టాయన గడ్డానికొచ్చాడు. ముఖమంతా నురగతోనే అడిగాడు, "మొక్కలు కోశారా బాబాయ్? మీ ఆవిడకి చెప్పడం మరిచాను. అది పాతరకం. చలికి ముందు మొదలుదాకా కోసేస్తేనే కొత్త చిగురు ముద్ద కడుతుంది."

బాబాయి చేతిలో కత్తి ఆగిపోయింది. అప్పటికప్పుడు ఇంటికి పరుగెత్తాలనిపించింది గానీ, సగం గడ్డంతో మనిషిని వదిలి వెళ్ళే అలవాటు లేదు.

సాయంత్రం చెబితే భార్య నమ్మలేదు. "నాన్నా, చేసిన పనికి ఇప్పుడు సాక్షిని కూడా తెచ్చుకున్నారు చూడు" అంది.

చలి ముదిరింది. ఒక ఉదయం ఆమె పెరట్లోంచి "ఏమండీ" అని పిలిచింది. ఎన్నాళ్ళకో నేరుగా వచ్చిన ఆ పిలుపుకి బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. మోళ్ళ నడుమ ఎర్రటి చిగుళ్ళు, పిడికిలి మూసినట్టు చుట్టుకుంటున్నాయి. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకంటే ఇదే.

ముద్దలు గట్టిపడ్డాక మొదటిది కోసి నూనె, ఉప్పు కలిపి పెట్టింది. మామగారు నమిలాడు. ముఖం చిట్లించాడు.

"అబ్బ, ఏం చేదమ్మా," అని కంచం ముందుకు జరిపాడు. "ఇంకాస్త వెయ్యి."

ఆ రోజు చేదాకుతో పాటు అన్నం కూడా తిన్నాడు. మర్నాడు ఇంకొంచెం తిన్నాడు. భార్య మాత్రం కత్తెర తీసి తన బీరువాలో పెట్టింది. "వచ్చే ఏడు కోతకి నేనే పిలుస్తాను. అందాకా ఇది నా దగ్గరే."

మడిలో ఆఖరి ముద్ద మిగిలిన రోజుల్లో ఒక పొద్దున, బాబాయి మామగారికి నురగ రాసి అలవాటుగా రెండు వేళ్ళు చాపాడు. లాగిపట్టుకోవడానికి గుంట లేదు. కత్తి చెంపమీద దానంతటదే జారింది. అతని కళ్ళు తడిశాయి.

"ఇదిగో, ఒకసారి ఇటు రా" అని భార్యని పిలిచాడు. ఆమె వచ్చి తండ్రి చెంప తడిమి, మొగుడి ముఖంలోకి చూసి, నురగ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"మీ కబుర్లు తరవాత" అన్నాడు ముసలాయన. "తొందరగా కానివ్వు అల్లుడూ, ఆకలేస్తోంది."