పాసవుట్ అంటే స్పృహ తప్పడం

మెదక్‌లో నేను ఇంగ్లీషు చెప్పే బడికీ, నా భార్య నర్సుగా పనిచేసే దవాఖానకూ మధ్యలో మా కిరాయి ఇల్లు. ఇంగ్లండ్‌లో ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్ష రాస్తానని ఆమె అన్నప్పుడు, నేర్పుతానని నేనే ముందుకొచ్చాను. పెద్ద ఆసుపత్రి వార్డులో పనిచేయాలన్నది చదువుకునే రోజుల నుంచీ ఆమె కోరిక.

వ్యాకరణం తొందరగానే వచ్చింది. ఏడిపించినవల్లా అప్, అవుట్, ఆఫ్ చేరగానే అర్థం మారిపోయే క్రియలు. డ్యూటీ నుంచి వచ్చి ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే, నేను పుస్తకం పట్టుకుని అడిగేవాణ్ణి.

"త్రో అప్?"

"పైకి ఇసిరేసుడు."

"కాదు, వాంతి చేసుకునుడు. పేషెంట్ ఆ మాటంటే నువ్వు మీదికి చూస్తూ నిలబడతవా? జల్ది గిన్నె పట్టాలె. సరే, పాసవుట్?"

"గది నాకెరుకే. మా బ్యాచంతా ఒక్కపారే పాసవుట్ అయినం."

"అక్కడ పాసవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవుడు."

"అంటే మా బ్యాచంతా ఒక్కపారే పడిపోయినమా?" అంటూ ఆమె నవ్విన నవ్వుకు ఒళ్లోని చిక్కుడుకాయలు నేలపాలయ్యాయి.

'వోర్న్ అవుట్' దగ్గర మాత్రం నవ్వలేదు. బట్టనంటే వాడివాడి చిరుగులు పట్టిందని, మనిషినంటే పూర్తిగా అలసిపోయిందని అర్థం చెప్పాను. ఆమె కాళ్లు చాపుకుని, "గిది రాసుకునే పని లేదు, యాదుంటది" అంది.

మొదటిసారి పరీక్ష పోయింది. హైదరాబాద్‌లో రాసి తిరిగొస్తూనే, పోతుందని ముందే తెలిసినట్టు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. తూప్రాన్‌లో బస్సాగినప్పుడు చాయ్ తెచ్చిచ్చి, "గివప్ చేస్తవా?" అని అడిగాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ మాట మీరింకా నేర్పలేదు గద," అంది.

నిజం చెప్పాలంటే ఆమె అవునంటే బాగుండునని లోపల ఎక్కడో అనిపించింది. నేర్పిన ప్రతి మాటా ఆమెను ఇంకాస్త దూరం పంపుతోందని అప్పటికే తెలుసు. రెండోసారి చదివించేటప్పుడు ఒకనాడు కావాలనే ఒక పేజీ దాటేశాను. ఆమె దాన్ని వేలితో వెనక్కి తిప్పింది.

"గీ పేజీ ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?"

"చూసుకోలేదు."

కాసేపు నా మొహంలోకి చూసింది. "నేను పోవుడు మీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పుండ్రి."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆ పేజీని రెండుసార్లు చదివించాను. ఆ ఏడే పరీక్ష గట్టెక్కింది. వానలు మొదలవుతుండగా వెళ్లిపోయింది.

ఇది రెండో ఏడు. నేను బడి నుంచి వచ్చాక ఫోన్ చేస్తుంది. మొదట్లో వార్డులో ఎవరేమన్నారో చెప్పి అర్థం అడిగేది. అది చెప్పే రెండు నిమిషాలూ ఆమె మా వంటింట్లోనే ఉన్నట్టుండేది. రానురాను అడగడం తగ్గింది. తర్వాత మానేసింది. అడగడానికి ఏమీ లేదా అని నేను అడగలేను కదా.

పోయిన వారం ఆమె గొంతు వేరుగా ఉంది.

"క్రిస్మస్‌కు వద్దామనుకున్న గద. లీవ్ పుట్ ఆఫ్ అయింది."

"అంటే వాయిదా పడిందన్నట్టు," అన్నాను అలవాటు కొద్దీ.

"అర్థం నాకెరుకే," అంది మెల్లగా.

ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వినబడుతోంది. ఇంతలో అటువైపు ఎవరో పిలిచారు. ఆమె గబగబా ఇంగ్లీషులో ఏదో జవాబిచ్చింది, నవ్వింది కూడా. అందులో సగం నాకు అర్థం కాలేదు.