గోడలెక్కించే శౌరయ్య గారు

నలుగురు మనుషులు ఒకచోట నిలబడితే చాలు, శౌరయ్య గారు వాళ్ళచేత కసరత్తు చేయించందే వదలరు. పెళ్ళా, పుట్టినరోజా, చావు పరామర్శా అన్న తేడా లేదు. "వందనాలండీ" అని చెయ్యి కలిపామా, ఆ చెయ్యి ఇక మనది కాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, మోచెయ్యి వంచి, "భుజం కటకటమంటోందే, ఎన్నాళ్ళ నుంచి?" అంటారు.

ఆయనది తెనాలి. సిడ్నీలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. మోకాలి నొప్పనో భుజం నొప్పనో ఎవరైనా ఆపరేషన్ మాటెత్తితే అడ్డం పడేవారు. "కత్తి ఎక్కడికీ పారిపోదు. ముందు వేడి తుండుగుడ్డ, గోడ, చీపురుకర్ర. మూడు నెలలు వీటితో కాపురం చేసి అప్పుడు మాట్లాడు."

వాళ్ళావిడ ప్రిస్సిల్లా ఆంటీ చెప్పేది: "పెళ్ళిచూపుల్లో ఈయన నా మొహం చూడలేదమ్మా. ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమన్నారు. కుడి మోకాలు లోపలికి తిరుగుతోంది, సరిచేద్దాం లెండి అన్నారు. అదే ఒప్పుకోవడమనుకుని మా నాన్న మిఠాయిలు పంచేశాడు."

"మరి సరయిందా ఆంటీ?"

"కాక చస్తుందా? పెళ్ళైన మర్నాటి నుంచీ చేతులానించకుండా కుర్చీలోంచి లేపుతున్నారు."

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం సిడ్నీ శివార్లలోని పెండిల్ హిల్‌లో హాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకునేది. ఆరాధనయ్యాక బిర్యానీ. రెంటికీ మధ్య శౌరయ్య గారు. ఒక వారం మోకాళ్ళు, ఒక వారం భుజాలు. భుజాల వారం అందరం గోడవైపు తిరిగి, వేళ్ళతో సాలీడులా గోడెక్కాలి. పాస్టర్ గారైనా సరే. ఒకసారి హాలు చూసుకునే మార్క్ తాళాల కోసం వచ్చాడు. సంఘమంతా గోడలు పాకడం చూసి, ఇది మా ప్రార్థనేమో అనుకుని, టోపీ తీసి తలొంచుకుని నిలబడ్డాడు. శౌరయ్య గారు అతన్నీ గోడెక్కించారు.

తొంభయ్యొకటిలో మోకాళ్ళ వారం మాయమైంది. ప్రతి ఆదివారం భుజాలే.

"శౌరయ్యా, దేవుడు నాకు మోకాళ్ళు కూడా ఇచ్చాడయ్యా" అని పాస్టర్ గారు మొరపెట్టుకున్నారు.

"ఎక్కడికీ పోవు పాస్టర్ గారూ. చెయ్యి పైకి."

"బిర్యానీ చల్లారిపోతోంది అంకుల్. మీకు పిచ్చి ముదిరింది" అంది జాక్లిన్.

ఈ జాక్లిన్ మా కోళ్ళ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నేను అక్కడే ప్యాకింగ్‌లో ఉండేదాన్ని, యూనియన్ ప్రతినిధిని కూడా. ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి. నొప్పి అని నోరు జారిన ఇద్దరు ఆడవాళ్ళను అప్పటికే ఇంటికి పంపేశారు. కంపెనీ డాక్టరు ఏ చెయ్యీ పట్టి చూడకుండానే "అంతా మీ ఊహ" అనేవాడు. వలసొచ్చిన ఆడదాని నొప్పి ఆయనకెప్పుడూ ఊహే. రోజంతా తలకంటే ఎత్తున కదిలే కొక్కేలకు తడి కోళ్ళు తగిలిస్తే వచ్చేది ఊహ ఎలా అవుతుందో ఒక్క పూట తగిలించి చెప్పమనండి.

ఒక ఆదివారం గోడెక్కుతూ పక్కకు చూశాను. వరస చివర రూత్. ఆ కొక్కేల దగ్గర పనిచేసే పిల్ల. భర్త పని పోయింది, ఇద్దరు పసివాళ్ళు, ఆమె జీతమే ఆ ఇంటికి ఆధారం. కుడిచెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. పళ్ళు బిగించింది. శౌరయ్య గారు జాక్లిన్‌కూ ఆమెకూ మధ్య అడ్డుగోడలా నిలబడి, "తొందరొద్దు, ఆగినచోట ఊపిరి తీసుకోండి" అని హాలంతటికీ చెబుతున్నారు.

తర్వాత ఆయన్ని బయట పట్టుకున్నాను. "రూత్‌కి భుజం పట్టేసింది కదూ?"

"ఆరాధనలో అందరూ చేతులెత్తితే ఆ పిల్ల ఒక్కతే తలొంచుకుంది. పనిలో ఎడం చేత్తో నెట్టుకొస్తోంది."

"ఆసుపత్రికి రమ్మనకపోయారా?"

"వస్తే సెలవు పెట్టాలి. పెడితే తెలుస్తుంది. ఒక్కత్తి చేత చేయిస్తే అందరూ దాన్నే చూస్తారు. అందరిచేతా చేయిస్తే నన్ను చూస్తారు. పిచ్చోణ్ణి చూస్తే ఎవరికీ ఉద్యోగం పోదు కదమ్మా."

ఆయనే మళ్ళీ అన్నారు, "ఆదివారం నేను లేపిన చేతిని సోమవారం మీ కొక్కేలు మళ్ళీ పడగొడుతున్నాయి. వాటిని కిందికి దించాలి, పనులు మార్చి మార్చి ఇవ్వాలి. అది గోడతో అయ్యే పని కాదు. నువ్వేం చేస్తున్నావ్?"

చేశాను. సంతకాలు, వాదనలు, బెదిరింపులు, అన్నీ అయ్యి చలికాలం చివర్లో క్యాంటీన్‌లో మీటింగ్ పెట్టాం. కొక్కేలు దించకపోతే పని ఆపుదాం, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. గుమ్మంలో జాక్లిన్ చేతులు కట్టుకుని ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు రూత్ కుడిచెయ్యి లేచింది. రొమ్ము దాటింది, గడ్డం దాటింది, తల దాటి నిలబడింది. దాని వెనకే క్యాంటీనంతా లేచింది. ఆ వారంలోనే కంపెనీ కొక్కేలు దించడానికి ఒప్పుకుంది.

ఆ రోజు మీటింగ్ కాగానే శౌరయ్య గారికి ఫోన్ చేసి, ఓటు గెలిచామండీ, మొదటి చెయ్యి రూత్‌దే అన్నాను.

"మోచెయ్యి వంగిందా?"

"లేదండీ. నిటారుగా ఎత్తింది."

"జబ్బ చెవికి తగిలిందా?"

"అదీ... చూడలేదండీ."

"అసలుది చూడకుండా ఏం మీటింగ్ పెట్టావమ్మా" అని విసుక్కుని ఫోన్ పెట్టేశారు.