యాదవ్వ దవడ

ఎల్లారెడ్డి పక్క పల్లెలో మైసన్న పిట్టలు పట్టేవాడు. మేడిపాల బంకను పుల్లలకు పూసి తొర్రల దగ్గర పెట్టేవాడు. నిజాం కాలం, పంతొమ్మిది వందల ముప్పైల చివర. హైదరాబాదు నుంచి కాలేజీ సారొకాయన వచ్చి పోచారం బంగళాలో దిగి, వడ్రంగి పిట్టలే కావాలన్నాడు. చెట్టును గట్టిగా పొడిచే జాతికీ, చీమలు ఏరుకు తినే జాతికీ దవడ కండల్లో తేడా చూస్తాడట. తిన్నదరగక చేసే పనులని ఊరు నవ్వింది.

మైసన్న నవ్వలేదు. మెడ తిప్పి చంపడం అతని అలవాటు. కండలు తెగుతాయని సారు అంటే మానేశాడు. చచ్చి బిగుసుకున్న ముక్కు, సారు కత్తి మొనతో ఒక్క కండ కోయగానే తెరుచుకోవడం పక్కన కూర్చుని చూసేవాడు.

"పొడిచే పిట్టకు ఈ కండ లావు మైసన్నా. దెబ్బ తలకెక్కకుండా ఆపుతుంది," అనేవాడు సారు.

ఆ ఏటి పంట కోతల్లో మైసన్న భార్య యాదవ్వ కాలికి వరి కొయ్య గుచ్చుకుంది. అందరూ చేసేదే చేశారు, పేడ పెట్టి గుడ్డ కట్టారు. కొన్నాళ్లకు ఆమె దవడలు కరుచుకుపోయాయి. గంజి చుక్క దిగదు. వీపు విల్లులా వంగుతోంది.

"కామారెడ్డి దవాఖానకు తీస్కపో బిడ్డా," అంది యాదవ్వ తల్లి చంద్రవ్వ.

మైసన్న ఆమెను ఎడ్లబండిలో పడుకోబెట్టి, బండిని పోచారం దిక్కు తిప్పాడు. బుద్ధి లేనోడని ఇప్పటికీ తిడతారు. తిట్టేవాళ్లకేం, నోళ్లు బాగానే తెరుచుకుంటాయి. దవడను కండకండగా ఎరిగిన మనిషిని అతను కళ్లారా చూశాడు. దవాఖానను ఎన్నడూ చూడలేదు.

సారు యాదవ్వ చెంప తడిమి చేయి తీసేశాడు.

"గీ కండనే గదా దొరా? జర కోయుండ్రి. వదులైతది."

"అవి చచ్చిన పిట్టలు మైసన్నా. నేను డాక్టర్ను కాను."

"మీకెరుకే గదా. మీ కాల్మొక్త, కోయుండ్రి."

సారుకు ఏడుపొచ్చింది. ఇద్దరినీ తన మోటారులో ఎక్కించుకుని కామారెడ్డికి బయలుదేరాడు. మైసన్న ఆమె తల ఒళ్లో పెట్టుకుని కనబడ్డ దేవుడికల్లా మొక్కాడు.

ఎల్లారెడ్డి దాటాక దవడ మెల్లగా వదిలింది. మైసన్న మోటారు ఆపించి, పొలం కాలువకు ఉరికి, తలపాగా తడిపి తెచ్చాడు.

"నోరు తెరిసింది దొరా," అంటూ ఆమె నోట్లో పిండాడు. నీళ్లు నోట్లోనే నిండి, చెంప మీదుగా కారిపోయాయి. సారు ఆమె మణికట్టు పట్టి చూసి వదిలేసి, దిగి రోడ్డు మీద నిలబడ్డాడు.

సాలలేదేమో అనుకుని మైసన్న మళ్లీ కాలువకు ఉరికాడు.