బావగారి ఆయ్

మొన్న పింఛను పనిమీద బ్యాంకుకి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి తలైనా ఎత్తకుండా సర్వర్ డౌన్ అనేసింది. తక్కినవాళ్ళంతా విసుక్కుంటూ ఇళ్ళకి పోయారు గానీ, నాకు మాత్రం ఆ మాట వినగానే ఇరవయ్యేళ్ళ వెనకటి కొత్తపేట కాలేజీ కళ్ళకు కట్టింది.

అప్పట్లో కోనసీమలో కంప్యూటర్లు అమర్చడం నా వృత్తి. ఆ కాలేజీకి నేను పెట్టినవి మామూలు కంప్యూటర్లు కావు, టెర్మినళ్ళు. తెర, కీబోర్డు, అరచేయంత పెట్టె, అంతే. ఆ పెట్టెలో ఏమీ ఉండదు, కొట్టిందంతా వైరు వెంట వెళ్ళి ఆఫీసు పక్క గదిలోని సర్వర్లోనే ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడిక్కూడా తెలియని రోజులాయె, అందుకని సర్వర్‌ని బ్యాటరీకి కలపమని వైరింగు చేస్తున్న మా అక్కయ్య భర్తకి ముందే చెప్పాను. "కలిపేరా బావగారూ?" అంటే, "ఆయ్" అన్నారు.

గోదావరి నీళ్ళు తాగినవాళ్ళకి నేను వేరే చెప్పాలా! మన ఆయ్‌కి కలిపేనని అర్థం, కలుపుతానని అర్థం, ఊరికే మీ మాట వినబడిందండీ అని కూడా అర్థం. రాజోలులో పుట్టి ఆపాటి తెలిసి కూడా, బుద్ధి తక్కువై, వెళ్ళి చూసుకోలేదు.

మా వదినకి అక్కడ అప్పుడే టైపు ఉద్యోగం వచ్చింది, అదీ నా సిఫార్సు మీద, నెల రోజులు పని చూసి ఉంచుకుంటామన్న షరతుతో. పరీక్షకు కట్టిన పిల్లలందరి పేర్లూ ఆ సాయంత్రానికల్లా పంపాలి. పొద్దున్నుంచి తల తిప్పకుండా కొడుతూ, సేవ్ చేయడమన్న మాటే మరిచిపోయిన ఆవిడకి ఇంకో పాతిక పేర్లు మిగిలాయనగా, మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. తెరలన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి.

"అంతా పోయిందండీ మరిదిగారూ, ఇంక నన్నుంచరు" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే నేను ఆఫీసు పక్కకి పరిగెత్తాను. సర్వర్ గదికి తాళం, తాళంచెవి ఉన్న గుమాస్తాగారేమో భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు. చేసేది లేక తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. కరెంటు లేని ఆ గదిలోంచి సన్నగా సర్వర్ ఫ్యాను రొద! అమ్మయ్య, పోయిన ప్రాణం లేచొచ్చింది, వాడపల్లి వెంకన్నకి అక్కడే దండం పెట్టేశాను.

కరెంటు వచ్చాక వదిన మళ్ళీ తెర తెరిస్తే, సగంలో ఆగిన ఎవరో పిల్ల ఇంటిపేరు పక్కన కర్సరు మిణుకుమిణుకుమంటూనే ఉంది. "ఓరి నాయనో, ఇక్కడే ఉందండీ!" అంటూ ఆవిడ నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ ఉద్యోగంలోనే ఉండి మొన్నీమధ్యే రిటైరయింది కూడా. బావగారు మాత్రం సంగతి తెలిసి నొచ్చుకున్నారు. "ఆయ్ అన్నాను కదండీ, మళ్ళీ తలుపుకి చెవి పెట్టడమేంటండీ?"

ఇప్పుడు మన పింఛన్లూ, ఫొటోలూ, సమస్తమూ ఏదో సర్వర్లోనే ఉన్నాయట. అది ఏ ఊళ్ళో ఉందో ఆ కౌంటరమ్మాయికీ తెలియదు, చెవి ఆనిద్దామంటే తలుపూ లేదు, పలకరిద్దామంటే బావగారూ లేరు. రేపటికైనా వస్తుందా అమ్మా అని అడిగాను. అప్పుడు తలెత్తి, "ఆయ్" అంది.

ఏ అర్థంలో అందో అడగలేదు. నిశ్చింతగా ఇంటికొచ్చేశాను.