రోలు బండిలో, నేను బస్సులో

ఆ రోజుల్లో నేను సరిగ్గా డెబ్బై కిలోలు ఉండేవాణ్ణి. ఎవరైనా తమ యవ్వనాన్ని ఒత్తయిన జుట్టుతోనో, చదివిన కాలేజీతోనో గుర్తు పెట్టుకుంటారు. నేను మాత్రం బరువుతో గుర్తు పెట్టుకోవలసి వచ్చింది. దానికి కారణమైన వాళ్ళందరూ ఇప్పుడు నాతో బాగానే ఉంటున్నారు, క్రిస్మస్‌కి పిలుస్తున్నారు, కొసరి కొసరి వడ్డిస్తున్నారు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. (నిద్ర పట్టక పదమూడేళ్ళయింది.)

అప్పట్లో కెనడాలో, ఎటోబికోలో మా అక్కావాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటూ, వాన్ అనే పక్క ఊళ్ళో ఒక గోదాములో పనిచేసేవాణ్ణి. ఏ లారీలో ఎన్ని కిలోలు ఎక్కించవచ్చో చూడటమే నా ఉద్యోగం. అందుకని మా బావ పాత హెవీ డ్యూటీ పికప్ ట్రక్కూ, దాని వెనక తొట్టిలో కూర్చోబెట్టే క్యాంపరూ కొనేముందు నన్నొక మాట అడుగుతాడనుకున్నాను. అడగలేదు. (ఇది మొదటి అవమానం. గుర్తుంచుకోండి.) క్యాంపరంటే పడకలు, పొయ్యి, సింకు అన్నీ అమర్చిన చిన్న గది. దాన్ని చూడగానే నేను, “బావా, ఈ బండి పేలోడ్ ఎంతో చూశావా?” అన్నాను.

“ఆరు టన్నులు లాగుద్దిరా బామ్మర్దీ! ఏనుగనుకో.”

“లాగడం వేరు, మోయడం వేరు బావా. క్యాంపర్ని మనం లాగట్లేదు, వీపు మీద ఎక్కిస్తున్నాం. డ్రైవర్ తలుపు తీసి చూడు, లేబుల్ మీద ఉంటుంది, ఎంత మోయొచ్చో.”

“మనుషుల్ని కూడా లెక్కేస్తారా ఏంటి?”

“వెయ్యరా మరి?”

ఈ ఆఖరి మాట అన్నది నేనేనని మా బావ ఇప్పటికీ నలుగురిలో గుర్తు చేస్తుంటాడు.

నిజానికి ఆ ప్రయాణం ఎవరికైనా ముఖ్యమంటే అది నాకే. కెనడా వచ్చిన రెండేళ్ళలో గోదాము, బస్సు, బేస్‌మెంట్ తప్ప నేను చూసిందేమీ లేదు. ఉత్తరాన సరస్సు ఒడ్డున మూడు రోజులుంటామంటే, సూపర్‌వైజర్ని బతిమాలి, వరసగా నాలుగు ఆదివారాలు పనికి వస్తానని ఒప్పుకుని సెలవు తెచ్చుకున్నాను. క్యాంపర్‌లో డ్రైవర్ నెత్తి మీదికి వచ్చే పడక, కిటికీ పక్కది, నాదేనని మేనకోడలితో ముందే మాట్లాడుకున్నాను. నీళ్ళ ట్యాంకు నింపే పని నాకు అప్పజెప్పారు. “కొంచెం పట్టు చాలు” అన్నాడు బావ. పని సగం చేయడం నాకు చేతకాదు. అంచు దాకా పట్టాను.

ఇక సామాను. మా అక్క రెండు బిర్యానీ డేగిషాలు, ఇనప పెనం, బియ్యం బస్తా పెట్టింది. కాకినాడ నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారు తన రాతి రోలు పెట్టించారు. మిక్సీలో వేసిన పచ్చడి ఆవిడ ముట్టరు. ఆ రోలును విమానంలో తీసుకొచ్చిన మనిషికి ట్రక్కులో తీసుకెళ్ళడం ఒక లెక్కా? అందరూ ఎక్కాక ఆవిడ ప్రార్థన చేశారు. నడిపే బిడ్డను, కోడలిని, మనవరాలిని, నాలుగు చక్రాలను విడివిడిగా దేవునికి అప్పగించి ఆమెన్ అన్నారు. నా పేరు రాలేదు. అడిగితే, “ఇంటిల్లిపాదినీ అన్నాను కదా అబ్బాయ్, అందులో నువ్వు లేవూ?” అన్నారు. (ఇది రెండోది. చక్రాల తరవాత కూడా నేను లేను.)

హైవే ఎక్కాక బండి వెనకభాగం కుంగినట్టు నాకు స్పష్టంగా తెలుస్తోంది. కాటా వేయిద్దామని గంటసేపు పోరాను. చివరికి బారీ అనే ఊరి దగ్గర లారీలు ఆగే చోట, నా పోరు పడలేక, బావ బండిని కాటా మీదికి ఎక్కించాడు. చీటీ వచ్చింది. లేబుల్‌తో పోల్చి చూస్తే అరవై ఎనిమిది కిలోలు ఎక్కువ. నేను చీటీని జెండాలా పట్టుకుని, “చెప్పానా? ఇలా ఒక్క అడుగు కూడా కదలకూడదు. టైర్లు పేలతాయి!” అన్నాను.

అప్పుడు అత్తయ్యగారు వెనక్కి తిరిగి, చాలా ప్రేమగా అడిగారు.

“నీ బరువెంత అబ్బాయ్?”

ఆ ప్రశ్న ఎటు పోతోందో తెలిసే లోపలే, “డెబ్బై” అని నిజం చెప్పేశాను.

“మామా, దట్స్ పర్ఫెక్ట్!” అంది మేనకోడలు, చప్పట్లు కొట్టి.

“రోలు దించేద్దాం,” అన్నాను.

“ఎవరి దగ్గర దించుతాం అబ్బాయ్? అది నీలాగా బస్సెక్కి వచ్చెయ్యలేదుగా.”

మా అక్క, నా సొంత అక్క, పులిహోర డబ్బా చేతిలో పెట్టి, “ఏమనుకోకురా, రూలు నువ్వే చెప్పావుగా,” అంది. బావ అయితే అద్దం దించి, “ఏనుగు మోస్తానన్నా నువ్వే వద్దన్నావురా బామ్మర్దీ,” అన్నాడు. నా కళ్ళ ముందే బండి తేలిగ్గా, ఉత్సాహంగా వెళ్ళిపోయింది. దాని వెనక కిటికీలోంచి రోలు కనిపించిందని చెప్తే ఎవరూ నమ్మరు. కనిపించింది.

అక్కడే బెంచీ మీద బస్సు కోసం రెండు గంటలు, బస్సులో మరో రెండు గంటలు గడిపాక సరస్సు దగ్గరి ఊళ్ళో దిగాను. బావ అదే బండిలో అందరితో వచ్చి ఎక్కించుకున్నాడు. అక్కడినుంచి పదిహేను నిమిషాల దారి. లేబుల్ ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. “మామా, నౌ వీ ఆర్ ఓవర్‌వెయిట్ అగైన్,” అని మేనకోడలు అంటే, వీలైనంత తేలిగ్గా కూర్చోవడానికి ప్రయత్నించాను.

క్యాంపు స్థలంలో ప్రతి బండికీ ఒక కుళాయి ఉంది. “ఇక్కడ నీళ్ళున్నాయి కదా, ఆ ట్యాంకు వదిలెయ్‌రా,” అన్నాడు బావ. మూత తిప్పాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. అవి పోతున్నంతసేపూ నా లోపల ఒక లెక్క నడిచింది. ట్యాంకు నూరు లీటర్లు. లీటరంటే కిలో. అంచు దాకా నింపిందెవరు? బారీలో ఈ మూత తిప్పి ఉంటే నేను, రోలు, పులిహోర అందరం కలిసే వచ్చేవాళ్ళం. బరువులు చూడటమే ఉద్యోగమైన మనిషికి ఇది తట్టలేదు.

దూరంగా పచ్చడి నూరుతున్న అత్తయ్యగారు, “ఎన్ని నీళ్ళు అబ్బాయ్ అవి?” అన్నారు.

“కొంచెమేనండీ,” అన్నాను.

ఆ పూట ఆవిడ నా పళ్ళెంలో రెండు గరిటెల పచ్చడి ఎక్కువ వేశారు. అది ఎంత బాగుందో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ సంగతి కూడా ఈరోజు దాకా చెప్పలేదు. (బావా, ఫోన్ చెయ్యకు.)

ఇప్పుడు నాకూ ఒక ట్రక్కు, క్యాంపరు ఉన్నాయి. ఇండియా వెళ్ళిపోయేటప్పుడు అత్తయ్యగారు ఆ రోలు నాకే ఇచ్చారు, “దాని బరువు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు అబ్బాయ్?” అన్నారు. (దీన్ని ఎన్నోదిగా లెక్కపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.) ప్రతి వేసవిలో ట్యాంకు ఖాళీగా ఉంచుకుని బయల్దేరతాను. లేబుల్ మీద అంకె మారదు. నేను మాత్రం తొంభై నాలుగుకి వచ్చాను. బారీ దగ్గర ఆగి కాఫీ తాగుతుంటే, ఆ బెంచీ మీద పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చేతిలో కాటా చీటీతో, ముఖం మాడ్చుకుని కూర్చున్న సన్నటి కుర్రాడు కనిపిస్తాడు. దగ్గరికి వెళ్ళి, “ఆ ట్యాంకు మూత తిప్పమనరా బాబూ,” అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. ముందు వాళ్ళు క్షమాపణ చెప్పాలంటాడు.