దస్తీ వేసిన జాగ

ఖాళీ జాగ కనిపిస్తే చాలు, జేబులోంచి దస్తీ, అదే చేతిరుమాలు, తీసి దాని మీద వేయకుండా ముక్తార్ ఉండలేడు. కూర్చోవాలని కాదు, పట్టాలని.

నారాయణఖేడ్‌లో ఆయన దస్తీలను గుర్తుపట్టని వాళ్లు లేరు. దర్జీ మనిషి కాబట్టి కుట్టగా మిగిలిన గుడ్డముక్కలే ఆయనకు దస్తీలు. ఒకటి ఏ పెండ్లికొడుకు అంగీలోంచో మిగిలిన గళ్లగుడ్డ, ఇంకొకటి బడిపిల్లల ఖాకీ. మంగలి దుకాణం కుర్చీలో, దవాఖాన బల్ల మీద, దావత్‌లో మొదటి బంతిలో, ముక్తార్ కంటే ముందు ఆయన దస్తీ కూర్చుని ఉండేది. ఖబరస్తాన్‌లో వేపచెట్టు నీడన కూడా ఒకటి వేసి వచ్చాడని భార్య సాలెహా బేగం చెప్పేది. అది అబద్ధమే. కానీ విన్నవాళ్లెవరూ అనుమానపడలేదు.

పట్నం బస్సు బస్టాండులోకి మలుపు తిరుగుతుండగానే దాని పక్కన పరుగెత్తి కిటికీలోంచి దస్తీ విసిరేవాడు. గురి తప్పేది కాదు. ఎక్కాక ఆ సీటు కోసం బస్సు మొత్తంతో తగాదా. “దస్తీ ఉన్నదంటే మనిషి ఉన్నట్టే” అనేవాడు. ఇంతా చేసి పట్నం దాకా నిలబడే పోయేవాడు.

మనుమరాలు ఇక్రా ఒకసారి ఆయనతో పోయి వచ్చి ఇంట్లో ఫిర్యాదు చేసింది. “దాదీ, ఇద్దరితోని కొట్లాడి సీటు పట్టిండు. నాకు జర కన్నంటుకున్నది. లేసి చూస్తే నిలబడి ఉన్నడు. అడిగితే కాళ్లు పట్టేసినయంటడు.”

పట్నం నుంచి వచ్చినప్పుడల్లా ఆ కాళ్లకు నువ్వులనూనె కాచి రాసేది సాలెహా బేగమే.

“కూసుంటె పట్టేసే కాళ్లకు సీటెందుకు మియా?”

“జాగ పట్టుడు వేరు, కూసునుడు వేరు.”

రెండు వేల పదకొండు ఎండాకాలంలో, పిల్లలు తగ్గిపోయారని బజారు హైస్కూలును పెద్ద హైస్కూలులో కలిపేశారు. ఇక్రా పదో తరగతికి వచ్చిన ఏడు అది. పెద్ద హైస్కూలులో ఉన్నవాళ్లకే బెంచీలు చాలవు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే ‘కలిపినోళ్లు’ అని పేరు పడింది. హెడ్మాస్టర్ శివరాజ్ సార్ తరగతికి వచ్చి ఖరాఖండిగా చెప్పాడు. “సోమవారం లోపల రానోళ్ల పేరు కొట్టేస్త. ఉన్నోళ్లకే జాగ లేదు.”

పక్క గల్లీ ఉమారాణి ఇక్రాకు బడిలో జోడీ. సెలవుల్లో తల్లి సంగమ్మతో పట్నం పనికి పోయి ఇంకా తిరిగి రాలేదు. ఆ సాయంత్రమే సంగమ్మ ముక్తార్ దుకాణానికి ఫోన్ చేసింది.

“భాయ్, బడి కలిపిండ్రంట గద. మా పిల్లకు జాగ ఉన్నదా? ఉంటే తోలుకస్త. లేకుంటే ఈడనే నాతోని ఇటుకలు మోస్తది.”

“ఉన్నది,” అన్నాడు ముక్తార్. “పట్టిన.”

ఫోన్ పెట్టేశాక ఇక్రా అడిగింది. “ఏడ పట్టినవ్ దాదా?”

“రేపు పడ్త.”

మర్నాడు బడి గేటు తీయగానే పదో తరగతి కిటికీలోంచి గళ్ల దస్తీ ఒకటి ఎగిరొచ్చి, రెండో వరుసలో ఇక్రా పక్కన పడింది. తరగతిలో సగం మంది సిర్గాపూర్ నుంచి, కల్హేర్ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే. దస్తీ మీద కూర్చోకూడదని వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు. ఒకడు కూర్చోబోయి, చూసి, సగంలో ఆగి, వెళ్లి కింద కూర్చున్నాడు.

శివరాజ్ సార్ వచ్చాడు. “ఎవరిదిరా గీ దస్తీ?”

“ముక్తార్‌ది సార్,” అంది తరగతంతా. ఇక్రా తల బల్ల కిందికి పోయింది.

కిటికీ బయటే నిలబడ్డ ముక్తార్‌ను సార్ లోపలికి పిలిచాడు. “ముక్తార్ భాయ్, గిది బడి. బస్సు గాదు.”

“పొద్దుగాల జోగిపేట బస్సుల మీరు సీటెట్ల పట్టిండ్రు సార్?”

సార్ చెయ్యి జేబు మీదికి పోయింది. తెల్ల దస్తీ కొసొకటి బయటికి వేలాడుతోంది. “గది వేరు.”

“దాని మీద ఎవరన్న కూసున్నరా?”

“ఎట్ల కూసుంటరు?”

“గదే సార్ నేను జెప్పేది.”

మరునాడు సార్ కిటికీలు మూయించాడు. ముక్తార్ ఊడ్చేవాళ్ల వెనకాలే లోపలికి పోయి, దస్తీని బెంచీకి చుట్టి, అడుగున కాజా కుట్టు వేసి వచ్చాడు. పీకి చూద్దామని ఇద్దరు పోరగాళ్లు గుంజితే బెంచీ లేచింది గానీ దస్తీ రాలేదు.

“కుట్టేసినవా భాయ్?” సార్ నుదురు పట్టుకున్నాడు. “మంచిది, సోమవారం దాకా చూస్త. హాజరు పిలిస్తే దస్తీ పలకదు, యాదికుంచుకో.”

ముక్తార్ పట్నానికి ఫోన్ కలిపాడు. స్లాబు పడేదాకా మేస్త్రీ పోనిస్తలేడని సంగమ్మ ఏడుపు గొంతుతో చెప్పింది.

“ఫోను మేస్త్రీకియ్యి.” మేస్త్రీ అందుకోగానే అడిగాడు. “ఏ ఊరు తమ్మీ మీది?”

“కల్హేర్.”

“అయితే ఇను. ఈడ పిల్లకోసం దస్తీ ఏసి పెట్టిన. సోమవారం మనిషి రాకుంటే జాగ పోతది.”

“దస్తీ పడ్డదా? అరే, ముందే జెప్పొద్దా,” అన్నాడు మేస్త్రీ.

సోమవారం శివరాజ్ సార్ హాజరు పిలిచాడు. ఉమారాణి పేరు దగ్గర తరగతంతా దస్తీ వైపు చూసింది. సార్ మళ్లీ పిలిచాడు. కిటికీ బయట ముక్తార్ పెదవులు కదిలాయి గానీ ఆయన పలికితే లెక్కలోకి రాదు. అంతలో గేటు దగ్గర సంగమ్మ కేక వినిపించింది. “వస్తున్నం సారూ!”

ఉమారాణి ఉరికొచ్చి గుమ్మంలో ఆగింది. పాదాలకు సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. బెంచీ దాకా వచ్చి మళ్లీ ఆగింది.

“కూసో,” అన్నాడు సార్.

“దస్తీ ఉన్నది సార్.”

“నీదేనమ్మా అది,” అని సార్ పెన్సిల్ చెక్కే బ్లేడు తీసి కిటికీలోంచి ముక్తార్‌కు అందించాడు. “ఇగ కుట్లు ఇప్పు భాయ్.”

సాయంత్రం ముక్తార్ ఇంటి వాకిట్లో చాయ్ తాగుతూ సంగమ్మ అంది. “నువ్వు పడ్తవని నాకెరుకే. ఈ పిల్ల కడుపుల ఉన్నప్పుడు పట్నం బస్సుల నీ సీటు నాకిస్తివి. కాళ్లు పట్టేసినయ్, నిలబడితేనే మంచిగుంటదంటివి. మొన్న కల్హేర్ ముసలామెకు గూడ గదే ముచ్చట జెప్పినవంట.”

ముక్తార్ గట్టిగా దగ్గాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. సాలెహా బేగం కెటిల్ కింద పెట్టింది.

“అయితే మియా, గిన్నేండ్ల సంది నేను నూనె రాసింది ఏ కాళ్లకు?”

“గవే కాళ్లకు,” అన్నాడు ముక్తార్ నేల చూస్తూ. “పట్నం దాకా నిలబడితే గుంజయా?”

ఆమె గిర్రున తిరిగి లోపలికి పోయింది. ఇయ్యాల దాదాకు అన్నం పుట్టదని ఇక్రా, ఉమారాణి ముఖాలు చూసుకున్నారు. సాలెహా బేగం నూనెగిన్నెతో తిరిగి వచ్చింది. భుజం మీది తువ్వాల తీసి మంచం మీద వేసి, దాన్ని వేలితో చూపించింది.

ముక్తార్ మంచం దాకా పోయాడు. కూర్చోబోతూ ఆగి, అలవాటు కొద్దీ వాకిలంతా ఒకసారి కలయజూశాడు.

“ఎవరు నిలబడిలేరు,” అంది సాలెహా బేగం. “కూసో.”